పండగ రోజుల లెక్క

స్వీ లాన్ నిన్నటి హెచ్చు ధరలోంచి తగ్గు ధర తీసేసి, తేడాని నోటుపుస్తకంలో వేసింది. పామాయిల్ టన్ను మీద ముప్పై మలేషియా రింగిట్లు. మామూలు రోజుల్లో తొంభై ఉంటుంది. చైనా కొత్త సంవత్సరం ముందూ వెనకా పది రోజులు మార్కెట్ నీరసంగానే ఉంది. సగం మంది వ్యాపారులు పినాంగ్‌లోనో ఇపోలోనో అత్తారిళ్లలో తింటూ కూర్చున్నారు.

ఆమె పని చిన్నదే. పది రోజుల ఒడిదుడుకుల సగటు తీసి, ఆ రోజు కంపెనీ ఎన్ని లాట్లు పట్టుకోవచ్చో పొద్దున పదిలోపు చెప్పాలి. లాటంటే పాతిక టన్నుల నూనె. ఊపు పెరిగితే లాట్లు తగ్గాలి, తగ్గితే పెరగొచ్చు. ఇరవై ఆరేళ్లుగా అదే కుర్చీ, ఏసీ చలికి మోకాళ్ల మీద అదే తువ్వాలు. మధ్యవేలికి పెన్సిల్ కాయ కాసింది. ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు.

ఏటా ఈ పండగ వెళ్లాక, ఆ నెమ్మది నమ్మదగ్గది కాదని ఆమె నీరసం రోజుల్ని కొట్టేసి, వాటి బదులు అంతకు ముందటి మామూలు రోజుల్ని వేసుకునేది. ఆ సంగతి ఏ రూల్లోనూ లేదు. పోయినేడు ట్రేడింగ్ పెద్ద బూన్ కెంగ్ దానికే మండిపడ్డాడు. తన లాట్లకి కత్తెర వేస్తోందని అందరి ముందూ అరిచి, ఇకపై రూల్ తప్ప సొంత బుర్ర వాడకూడదని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఆమె దాన్ని ఫైల్లో పెట్టుకుంది.

పదకొండేళ్ల కిందట ఇదే బూన్ కెంగ్ ఆమె చెప్పినదానికి రెట్టింపు లాట్లు కొని నష్టపోయాడు. ఆర్డర్లు పెట్టే గుమాస్తా తప్పు కొట్టాడని యజమానికి చెప్పాడు. ఆ గుమాస్తా స్వీ లాన్ మొగుడు సెంగ్. కౌలాలంపూర్లో మరి ఏ కంపెనీ అతన్ని గడప తొక్కనివ్వలేదు. ఏడేళ్లు టాక్సీ తోలి, కంపెనీని ముంచాడన్న పేరుతోనే పోయాడు. సిగ్గులేనిది, ఇంకా అక్కడే పనిచేస్తోందని చుట్టాలు ఆడిపోసుకున్నారు. అననీ అనుకుంది. బూన్ కెంగ్ తన కళ్లెదుట ఉండాలి కదా.

చెయ్యి అలవాటుగా పండగ రోజుల్ని కొట్టెయ్యబోయింది. ఆపుకుంది. కొట్టేస్తే వంద లాట్లు. రూల్ ప్రకారమైతే మూడు వందలు.

మూడు వందలని రాసి పంపింది.

బూన్ కెంగ్ అద్దాల గదిలోంచి తల బయటపెట్టి, కళ్లజోడు పెట్టుకునే రాసిందా అని అడిగాడు. రూల్ ప్రకారమేనంది. అతను పకపకా నవ్వాడు. ఆమె పిరికితనం వదిలితే ఎన్ని లాట్లు వస్తున్నాయో చూడండని పక్కవాళ్లతో వేళాకోళమాడి, మూడు వందలూ కొన్నాడు.

మధ్యాహ్నం, మార్కెట్ భోజనానికి మూసిన వేళ, దేశంలో పామాయిల్ నిల్వల లెక్క బయటికొచ్చింది. ఎవరూ అనుకోనంత నూనె పోగుపడి ఉంది. రెండున్నరకి తెరిచీ తెరవగానే ధర నూట ఎనభై రింగిట్లు కింద పడింది. మధ్యలో అమ్ముకునే సందే దొరకలేదు. యజమాని ఫోన్ చేసి, అయిదింటికి వచ్చి సంజాయిషీ చెప్పమన్నాడు.

నాలుగున్నరకి బూన్ కెంగ్ ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. మొహాన నెత్తురుచుక్క లేదు. చేతిలో దారం కట్టిన ప్లాస్టిక్ సంచీలో ఐసు కాఫీ. ఇన్నేళ్లలో ఆమెకి అతను కొనిపెట్టింది అదొక్కటే. సంచీని సొరుగు పిడికి తగిలించాడు.

"ఆంటీ, పండగ రోజులు తీసెయ్యాలి కదా. లెక్కలో పొరపాటు జరిగిందని యజమానితో నువ్వో మాట చెప్పవా? ఎలాగూ ఇవాళే మానేస్తున్నావు, నీకు పోయేదేముంది?"

"తీసేసేదాన్ని, బాస్. మీరే వద్దన్నారు."

"అయినా పొద్దున ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"ఆ లాట్లు నా అంతట నేను పెట్టలేదు బాబోయ్ అని మా ఆయన మీ కాళ్ల మీద పడ్డాడు. మీరు విన్నారా? మీ సంతకం ఉన్న కాగితం మధ్యాహ్నమే యజమానికి పంపాను."

అతను గడియారం వంక చూసుకున్నాడు. ఆమెకి జాలి కలగలేదు. కసి తీరింది, ఒళ్లంతా తేలికపడింది. తువ్వాలు మడిచి సంచీలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా లిఫ్టు ఎక్కింది.

సొరుగు పిడికి కాఫీ సంచీ అలాగే వేలాడుతోంది. స్ట్రా మీద కాగితమైనా చింపలేదు, ఐసు కరిగి కాఫీ పలచబడిపోయింది.