చక్రంలో ఇరుక్కున్నవి

తార్నాక చౌరస్తా వెనక గల్లీలో, శివమ్మ ఇంటి అరుగు మీద పొద్దెక్కేసరికి పాత పేపరు పరిచి ఉంటుంది. ఒక పక్క శివమ్మ గోంగూర కట్టల మీద నీళ్ళు చల్లుతుంటే, ఇంకో పక్క ఆమె మేనకోడలు భూమిక జనం తెచ్చిచ్చిన కంప్యూటర్ మౌసులు విప్పుతూ కూర్చుంటుంది. భూమిక యూనివర్సిటీలో పీజీ చదువుతోంది. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న కాడ్నించి క్లాసుల కన్నా బందులే ఎక్కువ, ఇక ఆ పిల్లకు తీరికే తీరిక.

పేజీ కిందికి జరగట్లేదనే వస్తారు అందరూ. వచ్చినవాళ్ళకు ముందు చీవాట్లు పడతాయి. తీగ సరిగ్గా గుచ్చినవా, పక్క రంధ్రంలో పెట్టి చూసినవా, ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేసినవా అని భూమిక నిలదీస్తుంది. ల్యాప్‌టాప్ అయితే టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్ళు ఆనించి జరిపి చూస్తుంది. అక్కడ పేజీ బాగానే జరిగిందంటే తప్పు మౌసుదే. అప్పుడు దాని పొట్ట మీది స్టిక్కరు పీకి, చాటున దాక్కున్న స్క్రూ తీసి, చక్రం బయటికి లాగుతుంది.

చక్రంలో దుమ్మూ వెంట్రుకలూ పేరుకుంటాయని ఎవరికైనా తెలుసు. వాటితోపాటు మనిషి చూసీ చూడనట్టు దాటేసినవి కూడా పేరుకుంటాయి. లెక్చరర్ సుధామయి మేడం మౌసులోంచి వాళ్ళమ్మ దగ్గు రాలింది. మేడం ఆ సాయంత్రమే ఏలూరు బస్సెక్కి తల్లిని ఆస్పత్రిలో చూపించింది. రైల్వే క్వార్టర్ల ఎంకన్న మౌసులోంచి, పెళ్ళాం అలిగి తినకుండా వదిలేసిన అన్నం రాలితే శివమ్మ ఊడ్చి కోళ్ళకేసింది. ఇట్లా గుట్టు బయటపడే వస్తువును జనం ఎట్లా తెచ్చిస్తారయ్యా అంటారా? దాటేసినవాడు తానేదో దాటేశానని అనుకోడు మరి. అట్లా అనుకుంటే ఇంకేం దాటేసినట్టు?

ఉద్యమం ర్యాలీకి ముందురోజు కొమురెల్లి తన ల్యాప్‌టాపూ మౌసూ పట్టుకొచ్చాడు. కొమురెల్లి, భూమిక పెళ్ళి చేసుకుందామనుకున్నవాళ్ళు. ఇంట్లోవాళ్ళూ ఒప్పుకున్నారు. అయితే తెలంగాణ వచ్చినంకనే పెండ్లని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. ఆ రోజుల్లో క్యాంపస్‌లో చాలా పెళ్ళిళ్ళు అట్లాగే ఆగి ఉన్నాయి. గా తెలంగాణకు మా పిల్ల వయసు తెలుస్తదా అని శివమ్మ అతణ్ణి చూసినప్పుడల్లా ఆటపట్టించేది.

"చక్రం కిందికి తిప్పితే పేజీ మీదికి పోతున్నది భూమీ. నువ్వు సూస్తుండు, నేను చాయ్ తాగొస్తా," అన్నాడు. పోతూ పోతూ గొంతు తగ్గించి, రేపటి సంగతి మరిచిపోవద్దని గుర్తుచేశాడు. తెల్లారంగనే ఆమె సామేలును తోలుకొని లాలాగూడ రైల్వే గేటు కాడికి రావాలి, అక్కణ్ణించి ముగ్గురూ ర్యాలీకి పోవాలి.

సామేలు ఇద్దరికీ దోస్తు. పోయిన చలికాలం హాస్టల్లో పోలీసులకు దొరికినప్పుడు, ఆ తోపులాటలో కాలు విరిగింది. బెయిలు మీద బయటికొచ్చాక మళ్ళీ కొత్త కేసు పడింది. ఈసారి దొరికాడంటే బెయిలు రాదు, చదువు అటకెక్కినట్టే. అందుకని లాలాగూడలో చుట్టాల క్వార్టర్లో దాక్కున్నాడు. ఏ క్వార్టరో ఒక్క భూమికకే చెప్పాడు. ర్యాలీకి రావద్దంటే మాత్రం వినలేదు, కుంటుకుంటనన్నా వస్తానని పట్టుబట్టాడు.

భూమిక రంధ్రం మార్చి చూసింది. అదే తంతు. తన మౌసు గుచ్చితే, కొంచెం బరువుగా తిరిగినా, పేజీ బుద్ధిగా కిందికి దిగింది. సరే, దీనిదే రోగమనుకుని కొమురెల్లి మౌసు విప్పింది.

ముందు టియర్ గ్యాస్ వాసన రాలింది. శివమ్మ కళ్ళకు కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత తెగిన చెప్పు పట్టీ పడింది. అది సామేలుది. అతణ్ణి పట్టుకపోయిననాడు హాస్టల్ మెట్ల మీద పట్టీ లేని చెప్పు ఒకటి మిగిలింది, దాన్ని తీసి దాచింది భూమికే. సూదితో ఇంకాస్త కెలికితే ఇరుసుకు చుట్టుకున్న ఖాకీ దారప్పోగు తగిలింది. లాగింది. కొమురెల్లి గొంతు పేపరు మీద రాలింది.

"రేపు తెల్లారి పిల్ల వాణ్ణి గేటు కాడికి తోలుకొస్తది సార్. పిల్లను మాత్రం ఏమనకుండ్రి. నా మీద కేసు తీసేస్తా అన్నరు గద, నౌకరీకి పోలీస్ వెరిఫికేషన్ ఉన్నది సార్."

శివమ్మ చేతిలో గోంగూర కట్ట అట్లాగే ఉండిపోయింది. భూమిక ఖాకీ పోగును సూది మొనతో పక్కకు నెట్టింది. దోస్తును అమ్ముకోవడం ఒక ఎత్తు. తనను ఎరగా పెట్టి, ఆపైన తన మీద దయ చూపడం ఇంకో ఎత్తు. ఆ దయకే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

అయినా మనసు ఊరుకోలేదు, ఒక్కసారి అడిగి చూద్దామనుకుంది. రాలినవాటి మీద పేపరు మడిచి, మౌసు బిగించి కూర్చుంది. కొమురెల్లి చాయ్ తాగి వచ్చాడు.

"రేపు గేటు కాడికి వద్దనిపిస్తున్నది," అంది. "అంబర్‌పేట్ దిక్కుకెల్లి పోదామా?"

కొమురెల్లి తడబడను కూడా లేదు. "గాడంతా పోలీసోళ్ళే ఉంటరు. గేటు కాడ ఎవ్వరుండరు. ఏంది, నా మీద నమ్మకం లేదా?"

"ఉండె," అంది భూమిక.

అతను ఆ మాట పట్టించుకోలేదు. చక్రం తిప్పి చూసుకున్నాడు, పేజీ గడగడా కిందికి దిగింది. నీ చేతుల ఏదో ఉన్నది పో అని మెచ్చుకుని, బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

శివమ్మ రోజూ తెల్లవారుజామున ఇంకొందరు ఆడవాళ్ళతో ట్రాలీ ఆటోలో ముషీరాబాద్ మార్కెట్‌కు పోయి ఆకుకూరలు తెచ్చుకుంటుంది. ర్యాలీ రోజు ఆటో లాలాగూడ మీదుగా పోయి, భూమిక చెప్పిన క్వార్టరు ముందు ఆగింది. సామేలు ఖాళీ గోనెసంచుల నడుమ నక్కి కూర్చున్నాడు. ఆడవాళ్ళు అతని చుట్టూ చేరి, పాలకూర ధర మీద కొట్లాడుకుంటూ పోయారు. నాకాబందీ పెట్టి విద్యార్థుల కోసం బస్సులు ఆపి వెతుకుతున్న పోలీసులు కూరల ఆటోను పొమ్మన్నారు.

"పోరడు ర్యాలీల కలిసిండు బిడ్డా," అని శివమ్మ ఫోన్ చేసింది. అంత జనంలో ఇక అతణ్ణి వేరుచేసి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

ఆ ఫోన్ పెట్టేయగానే మళ్ళీ మోగింది. కొమురెల్లి. గేటు కాడ నిలబడి ఉంటాడు. భూమిక ఎత్తలేదు. అరుగు మీద కొత్త పేపరు పరిచింది. ఊరందరివీ విప్పిన పిల్ల తన మౌసు ఎన్నడూ విప్పలేదు. అది బరువుగా తిరగడం అలవాటైపోయి, అదే దాని తీరనుకునేది. స్టిక్కరు పీకి, స్క్రూ తీసి, చక్రం లాగింది.

సామేలు పేరెత్తగానే కొమురెల్లి మాట మార్చిన తీరు రాలింది. ఫోన్ మోగితే గోడ అవతలికి పోయిన అతని అడుగుల చప్పుడు రాలింది. ఎవరు అని తనడిగితే ఎవ్వరు లేరన్న జవాబు రాలింది. ఆ వెనకే తన సొంత గొంతు రాలింది. సరే తియ్యి, అని. మళ్ళీ సరే తియ్యి. మళ్ళీ. పేపరు నిండి అరుగు మీదికి పొర్లింది. భూమికకు ఏడుపు ఆగలేదు.

మార్కెట్ నుంచి వచ్చిన శివమ్మ మూలనున్న చీపురు అందుకుంది. ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది.

"ఊడ్వకు అత్తా," అంది భూమిక. "ఇప్పుడన్నా సూడనియ్."