పెళ్లికూతురి కారు అరవై దాటదు

చెల్లెలి పెళ్లి ఊరేగింపుకోసం ఫర్ఘలీ కారు కడిగాడు. పైపైన కడిగి ఊరుకుంటే ఫర్ఘలీ ఎందుకవుతాడు? బానెట్ ఎత్తి ఇంజిన్ మీదికి కూడా నీళ్లగొట్టం తిప్పాడు. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె నీళ్లు తాగి చచ్చింది. కారు సామాన్లమ్మే తౌఫీఖియ్యా బజారులో వెతికి, అదే నంబరున్న పాత పెట్టె తెచ్చి బిగించాడు. ఇంజిన్ అంటుకుంది, రెండు క్షణాలు ఆడింది, ఆగిపోయింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా అదే తంతు.

పెళ్లి గురువారం. మంగళవారం కారును తాడుతో లాగించుకుని మెకానిక్కుల పేట హరఫియ్యీన్‌లో ఉస్తా జఖారీ షెడ్డుకు తెచ్చాడు. అటునుంచి పెళ్లిగౌను తెచ్చుకోవాలి కాబట్టి చెల్లెలు ఇన్షిరాహ్ కూడా వచ్చింది.

"పెట్టె బాగానే ఉంది బాషా," అన్నాడు వచ్చినవాళ్లందర్నీ మర్యాదకు బాషా అనే జఖారీ, లాప్‌టాప్ తీగ తగిలిస్తూ. "పరాయి కారుది కదా, మీ తాళంచెవిని గుర్తుపట్టడం లేదు. దొంగనుకుని ఇంజిన్ ఆపేస్తోంది. చచ్చిన పెట్టెలో చిప్ ఇంకా బతికే ఉంది. అందులోంచి తాళం గుర్తులు తీసి దీనికి ఎక్కిస్తాను."

"ఆ పురాణమంతా నాకెందుకు ఉస్తా! గురువారం నా కారు గాల్లో ఎగరాలి, అంతే," అని ఫర్ఘలీ ఎదుటి టీకొట్టుకు పోయాడు. అతని గొంతు మాత్రం షెడ్డులోనే ఉండిపోయింది.

ఇన్షిరాహ్ స్టూలు మీద కూర్చుంది. ఆమె బెంగ పెళ్లికొడుకు గురించి కాదు. వాళ్లింట్లో పెళ్లికూతురి కారు తోలేది అన్న. అన్న లేకపోతే వరసకు అన్న. పోయినేడు పెదనాన్న కూతురు నిహాల్‌కు తోడబుట్టినవాళ్లు లేరని ఫర్ఘలీయే తోలాడు. రింగ్ రోడ్డు మీద పాములా మెలికలు తిప్పి నడిమి గోడకు గుద్దాడు. నిహాల్ మెడకు పట్టీ కట్టుకుని ఆసుపత్రిలో పడుకుంది. పెళ్లికొడుకు ఒక్కడే హాలుకు పోయి అతిథులకు భోజనం పెట్టించాడు. "కారుకు గీత కూడా పడలేదు," అని ఫర్ఘలీ ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఈసారి మెల్లగా తోలమని తల్లి గడ్డం పట్టుకుని బతిమాలింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అతన్ని దింపి ఇంకొకర్ని కూర్చోబెడితే బతికున్నన్నాళ్లూ గుమ్మం తొక్కడు.

జఖారీ తెర చూసి నవ్వాడు. "ఈ పెట్టె సరుకులు చేరవేసే కంపెనీ కారులోది. డ్రైవర్లు రెచ్చిపోకుండా హద్దు పెట్టారు. ఎంత తొక్కినా అరవై దాటదు. ఆగండి, తీసేస్తాను."

"తీయకండి ఉస్తా."

"అదేంటమ్మా! ఆయన ఎగరాలన్నాడు. దాన్ని గాడిదను చేసి పంపమంటావా? ఈ వీధిలో నా పరువేం కావాలి?"

"గాడిదెక్కిన పెళ్లికూతురెవరూ గోడను గుద్దుకోలేదు."

జఖారీ టీకొట్టు వైపు చూశాడు. అక్కడ ఫర్ఘలీ రెండు గ్లాసుల్ని బల్లమీద జరుపుతూ, ఒక కారును ఇంకోటి ఎలా దాటాలో చూపిస్తున్నాడు. ఒక గ్లాసు కింద పడింది.

"మా ఆవిడను చర్చికి తెచ్చింది నా బావమరిదే," అన్నాడు జఖారీ. "దిగుతూనే ఫాదర్ గారి చెప్పుల మీద వాంతి చేసుకుంది. సరే, పెళ్లయ్యేదాకా ఉంచుతాను. కానీ అబద్ధమాడను. ఆయన అడిగాడా, చెప్పేస్తా."

"మా అన్నయ్య అడగడు ఉస్తా. ఆయనకు చెప్పడం ఒకటే వచ్చు."

ఒక్క తిప్పుకే ఇంజిన్ అంటుకుంది, ఆగలేదు. "రోడ్డెక్కించి చూసుకోండి బాషా, అనుమానముంటే అడగండి," అన్నాడు జఖారీ.

"నన్ను చూసుకోమంటావా? శబ్దం వింటే చాలు నాకు!" ఫర్ఘలీ కదలకుండానే పెడల్ తొక్కి వీధంతా దద్దరిల్లించాడు. ఇంటిదాకా ట్రాఫిక్‌లో నడిచేవాళ్లే వాళ్లను దాటుకుపోయారు.

గురువారం సాయంత్రం వెనక సీట్లో ఇన్షిరాహ్, పెళ్లికొడుకు షాకిర్ కూర్చున్నారు. ముందు సీట్లో షాకిర్ మేనత్త తఫీదా. వెనక ఇరవై కార్లు, హారన్ల తాళం. రింగ్ రోడ్డు ఎక్కగానే ఫర్ఘలీ చొక్కా చేతులు మడిచి, "పట్టుకోండి!" అన్నాడు.

పట్టుకోవాల్సిన పనే రాలేదు. ముల్లు అరవై దగ్గర నిలబడింది. అతను పెడల్‌ను నేలకు అదిమాడు, పైకి లేచి అదిమాడు. పెళ్లికూతురి కారును దాటిపోతే అపశకునమని ఇరవై కార్లూ వెనకే చిక్కుకున్నాయి. పక్కకు వచ్చిన మోటారుసైకిల్ మీంచి ఫర్ఘలీ బావమరిది ఒకడు అరిచాడు: "ఏం ఫర్ఘలీ, పెళ్లికా, సమాధులకా?"

ఫర్ఘలీ చెవులు ఎర్రబడ్డాయి. ఫోన్ తీసి స్పీకర్ నొక్కాడు. "ఉస్తా! ఏం చేశావు నా కారును?"

ఇన్షిరాహ్ పూలగుత్తి గట్టిగా పట్టుకుంది.

"అడిగారు కాబట్టి చెప్తున్నా బాషా," అంది ఫోన్. "ఆ పెట్టెలో..."

అప్పుడే తఫీదా గొంతెత్తి, నాలుకాడిస్తూ ఆడవాళ్ల సంబరపు పెళ్లికూత కూసింది. ఫోన్ మాట అందులో మునిగిపోయింది. "ఒరేయ్ షాకిర్, చూశావా! ఎనభై పెళ్లిళ్లు చూశాను, ఇలాంటి అన్నను చూడలేదు. చెల్లెల్ని అప్పగించడానికి కాలాడటం లేదురా వీడికి! ఒక్క నిమిషమైనా ఎక్కువ దగ్గరుంచుకుందామని..." ఆవిడ ముక్కు చీదింది.

షాకిర్ ముందుకు వంగి బావగారి భుజం నిమిరాడు.

ఫర్ఘలీ అద్దంలో చెల్లెల్ని చూశాడు. ముల్లును చూశాడు. మేనత్త తడికళ్లను చూశాడు. "ఏం లేదు ఉస్తా," అన్నాడు ఫోన్లో, గొంతు బొంగురు చేసుకుని. "భోజనానికి రమ్మందామని చేశాను." కట్ చేశాడు.

"నా చెల్లెలు అత్తా," అన్నాడు తర్వాత. "ఒక్కతే చెల్లెలు."

ఇన్షిరాహ్ ఊపిరి వదిలింది. పూలగుత్తి సర్దుకుంది. ఇక వెనక్కి వాలి కూర్చోవచ్చు.

తఫీదా మళ్లీ కూసింది. ఫర్ఘలీ కాలు పెడల్ మీంచి కొంచెం లేచింది. ముల్లు నలభైకి దిగింది. ఆవిడ ఇంకోసారి ముక్కు చీదింది. ముప్పైకి దిగింది.

"అన్నయ్యా," అంది ఇన్షిరాహ్, "హాల్లో జనం ఆకలితో ఉంటారు. కాస్త తొక్కరాదూ?"

"నువ్వు ఊరుకోవే," అన్నాడు ఫర్ఘలీ, కళ్లు తుడుచుకుంటూ.