ఆరో షెడ్డు తాడు

తాడు గురించి చెప్పే ముందు నేను చేసిన పని చెప్పాలి. అది మా పెద్దమ్మ పెట్టిన షరతు.

ఆ రోజు పొద్దున్నే కంపెనీ మనుషులు కూలీల ఇళ్ళ వెనక పెద్ద గొయ్యి తవ్వారు. పందుల ఫారంలో పనిచేసేవాళ్ళందరం ఆ వరస ఇళ్ళలోనే ఉంటాం. ఇంటి వెనక రెండో మూడో సొంత పందులు పెంచుకుంటాం. మేనేజరు కాగితం తీసి గట్టిగా చదివాడు.

"కంపెనీ షెడ్లలో వైరస్ లేదు. కూలీల పందుల వల్ల ఫారానికి ప్రమాదం ఉంది. వాటిని వెంటనే చంపి పూడ్చాలి."

పెద్దమ్మకు రెండు పందులు. ఒకటి చూడిది. దాని మెడ చుట్టూ చేతులేసి ఆమె నేల మీద కూర్చుంటే ఇద్దరు లాగి పక్కన పడేశారు. సున్నం చల్లి గొయ్యి పూడ్చాక ఆమె నా వైపు తిరిగింది. తల్లి లేని నన్ను పెంచింది ఆమే.

"ఆ కాయితం కింద సంతకం నీదేనా నాన్నా?"

సంతకం నాదే.

నా పని శాంపిళ్ళు తీయడం. పందులకు వైరస్ సోకిందో లేదో తెలియడానికి ప్రతిదాన్నీ పట్టి సూది గుచ్చనక్కర్లేదు. షెడ్డులో నూలుతాడు వేలాడదీస్తే అరగంటలో గుంపంతా వచ్చి నమిలేస్తుంది. ఆ తాడును సంచిలో పెట్టి పిండితే ఉమ్మి కారుతుంది. దాన్ని గొట్టంలో పోసి, షెడ్డు నంబరు రాసి ల్యాబుకు పంపితే వైరస్ ఉన్నదీ లేనిదీ అక్కడ తేలుతుంది. అందరూ నన్ను తాళ్ళబాబు అని ఆటపట్టించేవాళ్ళు.

ఆ గొయ్యికి పది రోజుల ముందు ఆరో షెడ్డులో తాడు పొడిగా ఉండిపోయింది. అక్కడ ఊడ్చేది పెద్దమ్మే.

"జ్వరమొచ్చిన పిల్లాడు అన్నం ముట్టుకుంటాడా? వాటి చెవులు చూడు, ఎలా కమిలిపోయాయో. ముట్టలేదని రాయి" అంది.

వెళ్ళి మేనేజరుకు చెప్పాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"తాడు తడవలేదంటే నీకు కట్టడం రాలేదన్నమాట. ఒకటో షెడ్డు తాడు తడిసిందిగా? మిగతాది కూడా నేనే చెప్పాలా?"

చెప్పనక్కర్లేకపోయింది. ఒకటో షెడ్డు ఉమ్మిని రెండు గొట్టాల్లో పోసి, ఒకదాని మీద ఆరు అని రాశాను. నన్నెవరూ కొట్టలేదు, చేతిలో ఏమీ పెట్టలేదు. పని రానివాడు అనిపించుకోలేక చేశాను. నేను ఆ పని చేయకపోతే ఆ కాగితం ఉండేది కాదు, ఆ గొయ్యీ ఉండేది కాదు.

గొయ్యి పూడ్చిన రోజు మధ్యాహ్నం బూట్లు కడిగే గదిలో అందరం చేరాం. లోడింగు మేస్త్రీ వార్త తెచ్చాడు. ఆరో షెడ్డులో ఇంకా నిలబడగలుగుతున్న పందులను మర్నాడు లారీలెక్కించి వేరే ఊళ్ళ ఫారాలకు అమ్మేస్తున్నారట.

"అమ్ముకోనీ. మన పని మనకుంటే చాలు" అన్నాడొకడు.

"మనవి పూడ్చి వాళ్ళవి అమ్ముకుంటారా?" అని దాణా కలిపే ఆవిడ లేచింది.

"మనవాటిలోనే రోగముందేమో! కాయితంలో అదేగా రాశారు!" అన్నారు ఇంకెవరో.

అప్పుడు లేచాను.

"కాయితం అబద్ధం. ఆరో షెడ్డు పేరుతో వెళ్ళింది ఒకటో షెడ్డు ఉమ్మి. పంపింది నేనే."

మేస్త్రీ వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. "నీ చెయ్యి పడిపోను! మాలో పెరిగి మా కొంపలే ముంచావు కదరా!"

విడిపించుకోలేదు. కొడితే బాగుండుననిపించింది.

"వదిలెయ్" అంది పెద్దమ్మ. "కొడితే వాడి మనసు తేలికవుతుంది. మనకేం ఒరుగుతుంది? మళ్ళీ వాడి చేతే శాంపిళ్ళు తీయిద్దాం. అందరం చూస్తుండగా."

"రోగం తేలితే షెడ్లన్నీ ఖాళీ చేస్తారమ్మా. మన పొట్టలు కొడతారు" అన్నాడు మేస్త్రీ.

"కొడతారు. ఆ లారీలు పోతే ఎన్ని ఊళ్ళలో, ఎన్ని ఇళ్ళ వెనక గోతులు తవ్వుతారు? అక్కడ ఏడ్చేదీ మనలాంటోళ్ళే."

మేస్త్రీ నా చొక్కా వదిలాడు. "రేపు లారీ తలుపు మీద మన చెయ్యి ఒక్కటీ పడకూడదు" అన్నాడు.

మర్నాడు నలభైమంది గేటుకు అడ్డంగా కూర్చున్నారు. అంత కోపంలోనూ ఏ ఒక్కరూ రోగం అంటకుండా పెట్టిన మందునీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచకుండా షెడ్లవైపు అడుగు వేయలేదు. మేనేజరు మాత్రం మామూలు చెప్పులతో అటూ ఇటూ పరుగులు పెట్టాడు.

ఆరు షెడ్లలో తాళ్ళు కట్టాను. అయిదింట్లో పందులు ఎగబడ్డాయి. ఆరో దానిలో రెండు లేచి వచ్చి, వాసన చూసి వెనక్కి పోయాయి. అరగంట గడిచినా తాడు పొడిగానే ఉంది. అప్పుడు ఆ షెడ్డులోని అయిదు పందులను మావాళ్ళు పట్టుకుంటే మెడ దగ్గర రక్తం తీశాను. ప్రతి గొట్టం చీటీ మీదా ఇద్దరిద్దరు వేలిముద్ర వేశారు. "ఆరో షెడ్డు: తాడు ముట్టలేదు" అని రాశాను. అయిదు మాటలు కూడా లేవు. పది రోజుల ముందు రాయలేకపోయాను.

ఇంతలో పోలీసు జీపు వచ్చింది.

"ఎవడ్రా నాయకుడు?" అని ఇన్‌స్పెక్టరు అరిచాడు.

"తొట్టిలో కాళ్ళు ముంచి లోపలికి రండి సార్, చెబుతాం" అన్నాడు మేస్త్రీ.

నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మధ్య గొట్టాల పెట్టె చేతులు మారుతూ వెనక్కి పోయింది. దాణా కలిపే ఆవిడ దాన్ని సైకిలు మీద కట్టుకుని ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి వెళ్ళిపోయింది. లాఠీలు లేచినా గేటు దగ్గర ఎవరూ కదల్లేదు. లారీలు ఖాళీగా తిరిగి వెళ్ళాయి. నన్నూ పెద్దమ్మనూ మేస్త్రీనీ జీపెక్కించారు.

తొమ్మిదో రోజు వదిలిపెట్టారు. ఈలోగా ఆరో షెడ్డులో వైరస్ ఉందని ప్రభుత్వ ల్యాబు తేల్చింది. షెడ్లన్నీ ఖాళీ చేశారు. మా పనులు పోయాయి. మావాళ్ళు మాత్రం పనులకూ పందులకూ లెక్క తేల్చమని గేటు దగ్గర నుంచి లేవలేదు.

స్టేషను బయట ముగ్గురు నిలబడి ఉన్నారు. ఇంకో కంపెనీ ఫారం కూలీలట. ఒకడి చేతిలో కొత్త తాడుంది.

"మా దగ్గరా చెవులు కములుతున్నాయి అన్నా. ఇదెలా కట్టాలో చెప్పు."

చెయ్యి చాపాను. పెద్దమ్మ ఆ తాడు తీసుకుని తన దగ్గరే పెట్టుకుంది. గొయ్యి పూడ్చిన రోజు నుంచి ఆమె నన్ను నాన్నా అని పిలవలేదు. అప్పుడూ పిలవలేదు.

"ముందు నువ్వేం చేశావో చెప్పు. తాడు సంగతి తరవాత."

ఆ ముగ్గురికీ, స్టేషను గేటు ముందే నిలబడి, ఒకటో షెడ్డు ఉమ్మి దగ్గర నుంచి మొదలుపెట్టాను.