ప్రచార బండిలో సముద్రానికి

ఆ బండిని చూస్తే సుబ్బరావమ్మకి ఒళ్లు మండేది. పొగాకు ఆరబెట్టే బ్యారన్ పక్కన రేకుల షెడ్డులో ఐదేళ్లుగా ఊరికే పడి ఉంది. అదేమీ అల్లాటప్పా బండి కాదు. లోపల మంచం, ఫ్యాను, గ్యాసు పొయ్యి, మూలన చిన్న మరుగుదొడ్డి, పైకెక్కి ప్రసంగించడానికి ఇనప మెట్లు. తొంభై తొమ్మిది ఎన్నికల్లో ఆమె భర్త పిచ్చయ్య బకెట్టు గుర్తు మీద ఇండిపెండెంటుగా నిలబడి, పట్టుబట్టి కట్టించుకున్న ప్రచార బండి. అందులో ఊరూరూ తిరిగాడు, గొంతు పోయేదాకా మాట్లాడాడు, డిపాజిట్టు గల్లంతు చేసుకుని ఇంటికొచ్చాడు. సొంత ఊళ్లో కూడా మూడోస్థానమే.

ఓడిపోతే ఓడిపోయాడు, కొంపలేం మునిగిపోలేదు. కానీ ఆ తర్వాత పిచ్చయ్య మనుషుల్లోకి రావడం మానేశాడు. టీ కొట్టు వైపు పోడు. గుంటూరు యార్డుకి మిరపకాయలు తోలితే వెంట పాలేరునే పంపుతాడు. దగ్గర చుట్టాల పెళ్లయినా ముందురోజే వెళ్లి చదివింపులు చదివించి వచ్చేస్తాడు. భోజనాల బంతిలో ఎవడైనా ‘ఓట్లెన్నొచ్చాయి బావా?’ అంటాడని భయం. ఆయన పోని చోటికి సుబ్బరావమ్మ ఒక్కతే ఏం పోతుంది? ఓడింది ఆయన, ఇంట్లో మగ్గింది ఇద్దరూ. ఆమెకి కోపం రాకుండా ఎలా ఉంటుంది?

దారి చూపించింది కూతురు హారిక. గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెబుతుంది. కిందటేడు తోటి లెక్చరర్లతో విశాఖపట్నం వెళ్లి, ఊరవతల బీచిలో గుడారాలు వేసుకుని పడుకుని వచ్చింది. అప్పట్నుంచీ అదే పాట.

“అమ్మా, ఇంట్లో ఇంత బండి పెట్టుకుని మనకేం ఖర్మ? మాఘమాసం, సముద్రస్నానానికి వాడరేవు పోదాం. నువ్వూ నాన్నా బండిలో పడుకోండి, నేను బయట గుడారం వేసుకుంటా.”

సుబ్బరావమ్మ ఆ మాట పట్టుకుంది. స్నానమూ పుణ్యమూ తర్వాత సంగతి, ముందు ఈ మనిషి గుమ్మం దాటితే చాలు. ఆ పూటే షామియానాల కొట్టు నాగూర్ వలికి కబురంపింది. ఎన్నికలప్పుడు ఆ బండి తోలింది కూడా అతనే.

వలి వచ్చి అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. “వంద మందికి సరిపడా షామియానా తెస్తా పిన్నీ. ఎర్ర కుచ్చులది, నిరుడు కుట్టించా.”

“మేం ముగ్గురం, నీతో నలుగురం. పెళ్లనుకున్నావా?”

హారిక కాగితం మీద చిన్న గుడారం బొమ్మ గీసి చూపించింది. వలి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇందులో మనిషి కూర్చోవాలా, పాకాలా?” అని, మిరపకాయలు ఆరబోసే పట్టాతో కుట్టేస్తానన్నాడు. తెల్లార్లూ తుమ్మలేక చస్తామని సుబ్బరావమ్మ కొత్త పట్టా తెప్పించింది. ఇసకలో మేకులు నిలవవని, నాలుగు యూరియా గోతాల్లో ఇసక నింపి తాళ్లు వాటికి కడతానని వలి చెప్పాడు. ఆ ఉపాయం మాత్రం హారికకి తెగ నచ్చింది.

పిచ్చయ్య ఇదంతా లోపలి గదిలోంచి వింటున్నాడు. సాయంత్రం భార్య దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“ఎన్నికలు నెత్తిమీదున్నాయి. ఈ బండి రోడ్డెక్కితే పిచ్చయ్య మళ్లీ నిలబడుతున్నాడని నవ్వుతారే.”

“నవ్వితే నవ్వనీ. బయల్దేరడానికి మంగళ, బుధవారాల్లో ఏదో ఒకటి చెప్పు.”

చాలాసేపు గింజుకుని ఒప్పుకున్నాడు. అయితే షరతులు పెట్టాడు. బండి మీద తన పేరూ గుర్తూ కనపడకుండా తెల్లరంగు కొట్టించాలి. ఊరు లేవకముందే బయల్దేరాలి. దారిలో ఎక్కడా ఆపకూడదు, కర్టెన్లు తియ్యకూడదు. దొంగసొత్తు తరలించినట్టుంది సంబడం, అనుకుంది సుబ్బరావమ్మ. పైకి మాత్రం సరేనంది. ఆమెకీ లోపల గుబులుగానే ఉంది. దారిలో ఎవడైనా ఒక్క మాట తూలితే చాలు, ఈ మనిషి ఇక జన్మలో గడప దాటడు.

తీరా ఆ రోజు వచ్చేసరికి ఐదేళ్లు నిద్రపోయిన ఇంజను లేవనని మొండికేసింది. ట్రాక్టరు పెట్టి లాగి స్టార్టు చేసేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పిచ్చయ్య లోపల మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాలుగు ఊళ్లు దాటాక, మిరప చేల మధ్య బండి గుప్పున ఆవిరి కక్కి ఆగిపోయింది. వలి దిగి చూసి రేడియేటర్ కాగిందన్నాడు. అటూ ఇటూ చేలల్లో కాయలు కోస్తున్న ఆడవాళ్లు తలెత్తి చూశారు. తెల్లరంగు కొట్టినంత మాత్రాన పైకెక్కే మెట్లు ఎక్కడికి పోతాయి? అది ఏం బండో వాళ్లకి ఇట్టే తెలిసిపోయింది. ఒకరి వెనక ఒకరు గట్టెక్కి వచ్చి బండిని చుట్టేశారు. ముందు నిలబడ్డ పెద్దామెని అందరూ ఎలీసమ్మత్తా అని పిలుస్తున్నారు.

“కాసిని నీళ్లు ఇప్పించమ్మా, బండి కాగింది,” అన్నాడు వలి.

“నీళ్లా? ఏడాది నుంచి మా పేటలో బోరింగు పనిచెయ్యటల్లేదు. ముందది బాగు చేయించమని మీ నాయకుడికి చెప్పు. ఏడీ, లోపలున్నాడా?”

హారిక దిగి, “నాయకులెవరూ లేరమ్మా, మేం సముద్రానికి పోతున్నాం,” అంది.

“ఓట్ల ముందు అందరూ ఇట్టాగే తప్పించుకుంటారు. బయటికి రమ్మను, రెండు మాటలు చెప్పి పోతాం.”

బండి లోపల సుబ్బరావమ్మ కర్టెన్ సందులోంచి చూస్తోంది. ఏది జరక్కూడదని దేవుళ్లందరికీ మొక్కుకుందో అదే జరుగుతోంది. నేను దిగి సర్దిచెబుతా ఉండు అని ఆమె అనేలోపే పిచ్చయ్య లేచాడు. పరాయి ఆడవాళ్ల ముందు కూతురు నిలబడి సంజాయిషీ చెప్పుకోవడం ఆయన భరించలేకపోయాడు. తలుపు తీసుకుని, ముఖం గంటు పెట్టుకుని మెట్టు మీద నిలబడ్డాడు.

“నేనే పిచ్చయ్యని. పోయిన ఎన్నికల్లో నిలబడి ఓడిపోయినవాణ్ణి. మీ బోరింగు బాగుచేయించే పదవి నాకు లేదు. నవ్వదల్చుకుంటే నవ్వండి.”

ఎవరూ నవ్వలేదు. ఎలీసమ్మ కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది.

“ఏ పిచ్చయ్యవి నాయనా?”

“బకెట్టు గుర్తు.”

ఆమె పక్కనున్నవాళ్ల వైపు చూసింది. ఒకామె పెదవి విరిచింది. ఇంకొకామె, “బకెట్టు గుర్తు కూడా ఉండిద్దా?” అంది.

పిచ్చయ్యకి రోషం వచ్చింది. “మీ పేటలోనే, చర్చి ముందర గంటసేపు మాట్లాడాను. మజ్జిగ కూడా ఇచ్చారు.”

“ఇచ్చుంటాం. ఎండన పడి వచ్చినోళ్లకి ఎవరికైనా ఇస్తాం. ఎవరొచ్చారో, ఎవరోడారో మాకేం గుర్తుండిద్ది నాయనా? గెలిచినాయన పేరే సరిగా గుర్తులేదు.”

“అంటే... నేను ఓడిపోయిన సంగతి మీకెవరికీ తెలీదా?”

“ఇప్పుడు నువ్వు చెప్తేనేగా తెలిసింది.”

సుబ్బరావమ్మ వెనకనుంచి ఆయన వీపునే చూస్తోంది. ఆ వీపు కొద్దిగా కదిలింది. ఏడుస్తున్నాడేమో అనుకుంది. తీరా చూస్తే నవ్వుతున్నాడు. చప్పుడు లేకుండా మొదలై, కళ్లనీళ్లు తిరిగేదాకా నవ్వి, ఆ మెట్టు మీదే కూలబడ్డాడు. ఎందుకో తెలియకపోయినా వాళ్లూ నవ్వారు. ఐదేళ్లుగా ఆ ఓటమిని గుర్తు పెట్టుకున్నది లోకమంతా కాదు, మొగుడూ పెళ్లాలం మేమిద్దరమే అని సుబ్బరావమ్మకి అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లు ఇంట్లో మగ్గినందుకు ఎవరినన్నా తిడదామంటే తిట్టడానికి ఎవరూ లేరు. గుండెల మీంచి బండ దించినట్టయి, మంచం మీద కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పక్క చేలో మందు కొట్టడానికి తెచ్చుకున్న డ్రమ్ములోంచి వలి నీళ్లు తెచ్చి పోశాడు. ఇంజను చల్లారేదాకా పిచ్చయ్య వాళ్లతో కాయ దిగుబడీ, తెగుళ్లూ, కూలిరేట్లూ మాట్లాడుతూనే ఉన్నాడు. బోరింగు గురించి మండలాఫీసులో తనకి తెలిసినాయనకి చెప్పి చూస్తానన్నాడు. అవుతుందని మాత్రం అనలేదు. బయల్దేరదాం రమ్మని హారిక రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

ఇంకొంత దూరం పోయాక, నాలుగు రోడ్ల సెంటర్లో టీ కొట్టు కనపడితే బండి ఆపమన్నాడు. వలి నమ్మలేక అద్దంలో సుబ్బరావమ్మ వైపు చూశాడు. ఆపమని ఆమె తలూపింది. పిచ్చయ్య దిగి, జనం మధ్యకి పోయి బెంచీ మీద కూర్చున్నాడు. ఎవరో బండి గురించి అడిగినట్టున్నారు.

“నాదేనండీ. దీంట్లో తిరిగే డిపాజిట్టు పోగొట్టుకున్నా,” అంటున్నాడు గట్టిగా. చుట్టూ ఉన్నవాళ్లు జరిగి కూర్చుని, అదెలాగో చెప్పమన్నారు.

వలి వాచీ చూసుకున్నాడు. “పొద్దుగూకేలోపు గుడారం వెయ్యాలి పిన్నీ. బాబాయిని పిలవనా?”

“ఉండనీరా. చీకట్లో అయినా వేసుకోవచ్చు,” అంది సుబ్బరావమ్మ. తనూ బండి దిగింది. రోడ్డు దాటి పోయి, ఆ మగవాళ్లందరి మధ్యా ఆయన పక్కన కూర్చుని, తనకీ ఒక టీ చెప్పింది.