పగులు మీద పట్టీ

పొద్దున్నే షెడ్డు షట్టరు ఎత్తగానే ఆమె చేసే మొదటి పని కొంగుతో ముక్కు మూసుకోవడం. మాడిన ఇంజనాయిలు, తడిసిన సీట్లు, ఎవడో సీటు కింద మరిచిపోయిన టిఫిను డబ్బా, అన్నీ కలిసి తలుపుల వెనక మగ్గిన కంపు అది. ఇరవై రెండేళ్లుగా పీలుస్తున్నా ఆమెకి అలవాటు కాలేదు. అలవాటు కాకపోవడమే ఆమె ఉద్యోగం.

అసహ్యం వేస్తే ఆమె అరచేతులు కాలతాయి. ఒక మోస్తరుగా కాదు, ఇనుము ఎర్రబడేటంత. ఆమెకి మాత్రం చిన్న బొబ్బ కూడా రాదు. తుప్పు పట్టి బిగుసుకుపోయిన నట్టుకి మిగతా షెడ్లలో గ్యాసు మంట పెడతారు. ఇక్కడ మెకానిక్కయిన ఆమె కొడుకు, "అమ్మా, ఒకసారి చెయ్యి పెట్టు," అంటాడు. గ్యాసు మంటయితే పక్కనున్న వైర్లు కూడా మాడతాయని, ఈవిడ చెయ్యయితే ఆ ఒక్క నట్టుతో సరిపెడుతుందని బళ్లవాళ్లు మెచ్చుకునేవారు. కొలిమమ్మ అని పేరు పెట్టింది కూడా వాళ్లే.

చిక్కల్లా ఒకటే. షెడ్డు కంపుకి చేతులు వెచ్చబడతాయంతే, ఇనుము కాలేంత అసహ్యం రావాలంటే మనుషుల రోత ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పని కొడుకుది. కారు యాష్‌ట్రేలో కాలిగోళ్లు కత్తిరించి పోగేసుకునే ప్లీడరు గురించి చెబితే ఒకప్పుడు రెండు నట్లు గబగబా ఊడేవి. ఇప్పుడా ప్లీడరు గోళ్లతో సహా ఆమెకి పాతబడిపోయాడు. మనుషుల రోత అంతా విని విని ఆమె మొద్దుబారింది.

ఆ రోజు బండి ముప్పై ఏళ్లనాటి ఎర్ర స్పోర్ట్స్ కారు. స్టార్ట్ చేస్తే ఇంజను పక్కనుంచి టిక్కుటిక్కుమని చప్పుడు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పగిలింది. ఇంజన్లోంచి వచ్చే పొగనంతా పోగుచేసి వెనక గొట్టంలోకి పంపే పోత ఇనుము ముక్క అది. పగిలితే పొగ దారి తప్పి, కాళ్ల దగ్గర సందుల్లోంచి లోపలికి వస్తుంది. కూర్చున్నవాళ్లకి హాయిగా నిద్ర పడుతుంది, ఆ నిద్రలోంచి మళ్లీ లేవరు. ఈ సంగతంతా కొడుకే కారాయనకి పూసగుచ్చినట్టు చెప్పి కొత్తది తెప్పించాడు. అది మళ్లీ వేడికి పగలకుండా, తుప్పు పట్టకుండా బూడిదరంగు సిరామిక్ పూత కూడా వేయించి బల్ల మీద పెట్టాడు.

పాతదాన్ని పట్టుకుని ఎనిమిది నట్లున్నాయి. మధ్యాహ్నానికి ఏడు వచ్చాయి, ఏడింటికీ ఏడు కథలయ్యాయి. మూలనున్న ఎనిమిదోది మాత్రం కదల్లేదు. బలవంతం చేస్తే నట్టు ఎక్కిన మరచువ్వ, స్టడ్డు, విరిగి ఇంజన్లోనే ఉండిపోతుంది, అప్పుడు రెండు రోజుల చాకిరీ. ఆమె చెయ్యి ఆనించే ఉంది. గోరువెచ్చగా ఉందంతే. కొడుకు, చచ్చిన ఎలుక ఉన్న కారుకి ఎవడో సెంటు కొట్టి అమ్మేసిన కథ ఎత్తుకున్నాడు.

"పోయిన నెల చెప్పావురా అది," అంది విసుగ్గా.

అంతలో కారాయన వచ్చాడు. నేల మీది నూనె అంటకుండా ప్యాంటు పైకి పట్టుకుని, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. బండికి బేరం కుదిరిందట. ఆసుపత్రిలో పనిచేసే నర్సు తీసుకుంటోందట. ఆవిడకి చిన్నప్పటినుంచీ ఇలాంటి కారంటే మోజట. సాయంత్రం నాలుగేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వస్తుందట.

"అమ్మేసే బండికి కొత్తది దేనికి బాబూ? ఆ ఊడదీసిన నట్లు మళ్లీ బిగించి, పగులు మీద వేడికి తట్టుకునే పట్టీ చుట్టెయ్. నల్లగా రేసుకారులా ఉంటుంది, ఆవిడ ముచ్చట పడుతుంది."

కొడుకు ఆయనకి ఆ పొగ సంగతి మళ్లీ ఒకసారి గుర్తుచేస్తాడని ఆమె చూసింది. వాడు ఎనిమిదో నట్టు వంక చూస్తున్నాడు.

"అలాగేనండి," అన్నాడు. "నాకూ దీంతో కుస్తీ తప్పుతుంది."

కారాయన ఫోను మాట్లాడుకుంటూ బయటికి వెళ్లాడు. చుట్టే ముందు పట్టీని తడపాలి కనుక కొడుకు దాన్ని బకెట్లో ముంచి, ఈల వేసుకుంటూ తెచ్చాడు. ఆమె చెయ్యి ఇంకా తియ్యలేదు. పట్టీ దగ్గరికి రాగానే అందులోని నీళ్లు చుయ్యిమని ఆవిరైపోయాయి. నట్టు ఎర్రగా వెలుగుతోంది. కొడుకు స్పానరు ఆనించాడో లేదో, వదులుగా తిరిగి ఊడి వచ్చింది.

"వచ్చేసిందమ్మా," అని నవ్వాడు. "ఏ కథ గుర్తొచ్చిందేమిటి?"

"నీదే రా."

వాడి నవ్వు సగంలో ఆగింది. కన్నకొడుకుని చూసి రోత పుట్టడమేమిటని ఆమెకి తన మీద తనకే భయం వేసింది. అయినా రోత రోతే. ఊళ్లోవాళ్ల కుళ్లంతా తెచ్చి చెవిలో పోసినవాడు, ఇది కూడా కుళ్లేనని గుర్తుపట్టలేకపోయాడు.

"ఆ పిల్ల వెనక సీట్లో కళ్లు మూస్తే, నిద్రపోయిందనుకుంటుంది రా తల్లి," అంది.

కొడుకు పట్టీని కింద పడేశాడు. పాత మానిఫోల్డ్ దించాడు. పగులులో గోరు దూరుతోంది, చుట్టూ మసి. కొత్తది ఎక్కించి, మధ్య నట్లతో మొదలుపెట్టి చివరలకి వస్తూ బిగించాడు. కారాయన తిరిగొచ్చి నానా మాటలూ అన్నాడు. ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కనన్నాడు. కొడుకు తలెత్తలేదు.

నర్సు వచ్చింది, పాప చెయ్యి పట్టుకుని. కొడుకు పాత ముక్క తెచ్చి పగులు చూపించాడు. కారాయన ఏం చెయ్యమన్నాడో చెప్పాడు. అక్కడితో ఆపితే సరిపోయేది, కానీ ఆగలేదు. "నేనూ సరేనన్నానండి," అన్నాడు.

నర్సు కారు వంక ఒక్కసారి చూసింది, వాడి వంక ఎక్కువసేపు చూసింది. పాపని ఎత్తుకుని వెళ్లిపోయింది. కారాయన ఆవిడ వెనకాలే పరిగెత్తాడు.

కొడుకు చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చి, తల్లి ముందు కూర్చుని అరచెయ్యి చాపాడు.

"చేతులు చల్లారాయా అమ్మా?"

"తెలీదు రా," అంది.

చాలాసేపు ఆ చేతి వంకే చూసింది. తర్వాత ముందుగా ఒక వేలు మాత్రం ఆనించింది.