ఏరిన రాళ్లు

మిషన్ బ్లేడుకు చుట్టుకున్న తడిగడ్డిని జానకిరామ్ వేళ్లతో లాగి పారేశాడు. చలికి వేళ్లు మొద్దుబారాయి. సెప్టెంబరు చివరి గురువారం. ఇంకా ఎనిమిది కాలేదు. అతనికి యాభై రెండేళ్లు. తొమ్మిదేళ్లుగా మిషన్ పట్టీ ఒకే భుజానికి వేసుకోవడంతో ఎడమ భుజం కిందికి జారింది. పసుపు కోటు జిప్పు పాడైపోతే మధ్యలో పిన్నీసు పెట్టుకున్నాడు. ఆ పిన్నీసు భార్య చంద్రకళది.

అతను గడ్డి కోసేది ఎకరం నేల. డ్రోహెడా నుంచి కారులో ఇరవై నిమిషాలు. నూట ఎనభై ఏళ్ల కిందట ఐర్లండ్‌లో ఆలుగడ్డ పంట చేలోనే కుళ్లిపోయి జనం ఆకలితో చచ్చిన రోజుల్లో ఈ నేల పక్కన ఒక వర్క్‌హౌస్ ఉండేది. తిండి లేనివాళ్లు అందులో చేరేవాళ్లు. గుమ్మంలోనే మొగుణ్ణి ఒక వైపుకు, పెళ్లాన్ని ఒక వైపుకు, పిల్లల్ని ఇంకో వైపుకు పంపేవాళ్లు. చచ్చాక అడుగు తెరుచుకునే పెట్టెలో ఈ నేలకు తెచ్చి, శవాన్ని గోతిలోకి జారవిడిచి, పెట్టెను తర్వాతి మనిషి కోసం వెనక్కి తీసుకుపోయేవాళ్లు. ఆ ఇల్లు ఎప్పుడో కూల్చేశారు. అక్కడిప్పుడు టైర్ల గోడౌను ఉంది. గేటు దగ్గర బోర్డు మీద రెండు వేల మంది అని రాసి ఉంది. పేర్లు లేవు.

నేల చదునుగా ఉంటుంది. ఎక్కడా గడ్డ లేదు, మిట్ట లేదు. చూసినవాళ్లు మెచ్చుకుంటారు. ఆ చదును జానకిరామ్ చేసిందే.

ఇమ్రాన్ చిన్న తవ్వే యంత్రాన్ని గేటులోంచి తెచ్చి ఆపాడు. నలభై ఏళ్లవాడు, మహబూబ్‌నగర్ మనిషి. గల్ఫ్‌లో పదేళ్లు యంత్రాలు నడిపి ఇక్కడికి చేరాడు.

“అన్నా, కాంక్రీట్ లారీ రెండింటికి వస్తదట. అంతల ఆ గుట్టంత నడిమికి మోయాలె.”

గోడవారన ఉన్న రాళ్ల గుట్ట అది. శనివారం ఈ నేల మధ్యలో కంచు బొమ్మ నిలబెడుతున్నారు. బొమ్మకు దిమ్మె కావాలి. బొమ్మ పెట్టే కమిటీ వాళ్లు వచ్చి గుట్టను చూసి ముచ్చటపడ్డారు. పాత రాళ్లు, ఈ నేల రాళ్లే, దిమ్మెకు ఇంతకంటే ఏం కావాలన్నారు. గేటుకు కట్టిన బట్ట మీద ఆ బొమ్మ మనిషి గడ్డంతో, కోటుతో నిలబడి ఉన్నాడు.

ఇమ్రాన్ ఆ బట్ట వైపు తల ఊపాడు. “ఎవరన్నా ఈయన?”

కమిటీ పెద్ద గంటసేపు చెప్పిన దాంట్లో గుర్తున్నంత జానకిరామ్ చెప్పాడు. 1848లో యూరప్ అంతా రాజుల మీద తిరగబడింది. పారిస్‌లో రాజు పారిపోయాడు, వియన్నాలో మంత్రి పారిపోయాడు. ఇక్కడ కూడా కొందరు తుపాకులు పట్టారు. ఈ ఊరి వకీలు ఒకడు ఆ గుంపులో ఉన్నాడు. అతనే ఇతను.

“గెలిచిండా?”

“లేదప్పా. ఒక దినంలోనే అయిపాయ.”

“ఉరేసిన్రా?”

“ఫ్రాన్సుకు పారిపోయినాడు. ముసిలోడై మంచంలో పోయినాడంట.”

ఇమ్రాన్ బూటు మడమతో నేలను తట్టాడు. “మరి వీళ్లో?”

“వీళ్లు తిరగబడలేదు.”

“కడుపుల ఏమన్న ఉంటేగద, తిరగబడనీకి.”

జానకిరామ్ నవ్వలేదు. గుట్ట వైపు చూశాడు. ఆ గుట్ట సంగతి ఇమ్రాన్‌కు తెలియదు. పని చూసే మేస్త్రీ డెక్లన్‌కు తెలియదు. తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె పోయి నాలుగేళ్లయింది.

కళ్యాణదుర్గం దగ్గర జానకిరామ్ వాళ్ల నాన్నకు నాలుగెకరాల రాళ్ల చేను ఉండేది. ప్రతి ఎండాకాలం ఇంటిల్లిపాదీ రాళ్లు ఏరి గట్టుకు వేసేవాళ్లు. ఏడాది తిరిగేసరికి నేల మళ్లీ రాళ్లు కక్కేది. రాయి కనిపిస్తే వంగడం అతని నడుముకు అప్పుడే అలవాటైంది. చదువు ఇంటర్‌తో ఆగింది. ఫార్మసీ చదివిన చంద్రకళకు ఇక్కడి మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఉద్యోగం వస్తే ఆమె వెనక వచ్చాడు. ఇంట్లో కూర్చోలేక ఈ పనిలో చేరాడు.

అప్పుడు ఈ నేల నిండా నడుమెత్తు ముళ్లపొదలు. మొదటి నెలంతా వాటినే కొట్టాడు. పొదలు పోయాక రాళ్లు బయటపడ్డాయి. కొన్ని మోకాలెత్తు, కొన్ని జానెడు. చెక్కినవి కావు. ఒక్క అక్షరం లేదు. బ్లేడు తగిలినప్పుడల్లా ఠంగుమనేది. ఐదు రోజుల్లో నూట పద్నాలుగు రాళ్లు గడ్డపారతో పెకలించి గోడవారన పేర్చాడు. డెక్లన్ వచ్చి చూసి గ్రాండ్ అన్నాడు. బాగుందనడానికి ఇక్కడివాళ్ల మాట అది.

ఆ సాయంత్రం అన్నం తింటూ గొప్పగా చెప్పాడు. చంద్రకళ పెరుగన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది.

“ఆ రాళ్లు వరసగా ఉండెనా?”

“లేదు. యాడబడితే ఆడ.”

“నిజంగానా?”

“చేన్లో రాళ్లు వరసగా ఉంటాయా ఏంది?”

ఆమె అతని మొహం చూసింది. “పొద్దన్నే పోయి పెట్టిరాపో. యాడివాడ. గ్యాపకం ఉండంగనే.”

అతను వెళ్లలేదు. తన తప్పు బయటపడితే ఆమె ఉద్యోగ పర్మిట్‌కు ఎసరు వస్తుందని తనకు తాను చెప్పుకున్నాడు. అది సాకు. ఆమెకు పౌరసత్వం వచ్చింది, తర్వాత అతనికీ వచ్చింది. అప్పుడూ పెట్టలేదు. ఆమె మళ్లీ అడగలేదు. ఆసుపత్రిలో చివరి వారం కూడా అడగలేదు. అడిగి ఉంటే పెట్టేవాణ్ణని అతను ఇప్పటికీ అనుకుంటాడు, అడగకపోవడం ఆమె తప్పయినట్టు.

ఆమె అస్థికలు బోయిన్ నదిలో కలిపాడు. నెల తర్వాత ఆ ఒడ్డుకు వెళ్లి నిలబడ్డాడు. ఎక్కడ కలిపాడో ఆనవాలు లేదు. నీళ్లు పోతూనే ఉన్నాయి. రాయి దేనికో ఆ రోజు అతనికి తెలిసింది. తెలిసి కూడా నాలుగేళ్లు గడ్డి కోశాడు.

పది గంటలకు గుట్ట సగం కరిగింది. ఇమ్రాన్ యంత్రం తొట్టిలో రాళ్లు మోస్తున్నాడు. అట్టడుగు వరసలో జానకిరామ్ వెతుకుతున్న రాయి దొరికింది. తెల్లటి రాయి, బియ్యం బస్తాలో సగం బరువు. నెత్తిన దోసిలంత గుంట.

ఇమ్రాన్ తొట్టి దించాడు. జానకిరామ్ ఇది వద్దన్నాడు. రాయిని పొట్టకు ఆనించుకుని, నేల చివర ఉన్న ముళ్లచెట్టు దగ్గరికి మోసుకెళ్లి దించాడు. మిసెస్ ఫారెలీ ప్రతి గురువారం నిలబడే చోట.

మిసెస్ ఫారెలీకి ఎనభై ఆరేళ్లు. పదకొండింటి బస్సుకు వస్తుంది. వాళ్ల నాయనమ్మకు నాయనమ్మ ఈ నేలలో ఉంది, ముగ్గురు పిల్లలతో సహా. నాలుగో పిల్లవాడు బతికాడు, అతని నుంచే వీళ్లంతా. చిన్నప్పుడు నాయనమ్మ ఆమెను ఇక్కడికి తెచ్చి గుంట ఉన్న రాయిని చూపించేది. గుంటలో నిలిచిన వాననీళ్లలో వేలు ముంచి నుదుటికి రాసుకోమనేది. తర్వాత పొదలు పెరిగాయి, దారి మూసుకుపోయింది. పొదలు కొట్టారని విని తొమ్మిదేళ్ల కిందట ఆమె వచ్చేటప్పటికి రాయి లేదు. భూమి మింగేసి ఉంటుందని ఆమె అంది. జానకిరామ్ అవునన్నాడు.

ఆ ఒక్క మాట మీద తొమ్మిదేళ్లు నడిచాయి. తడిగడ్డి మీద జారిపడకుండా గేటు నుంచి ముళ్లచెట్టు దాకా అతను ఆమె చెయ్యి పట్టుకుని నడిపిస్తాడు. అతని పేరు నోరు తిరగక జాన్ అంటుంది. ఎండుద్రాక్ష వేసిన రొట్టె ముక్క రేకు కాగితంలో చుట్టి తెస్తుంది. చంద్రకళ చనిపోయిన వారం ఆమె రెండు ముక్కలు తెచ్చింది.

భూమి మింగింది, భూమే కక్కింది. అలా చెప్తే ఆమె నమ్ముతుంది. పొద్దున కారులో ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు. బాగానే వచ్చింది.

బస్సు వచ్చింది. ఆమె పొట్లాన్ని ఎప్పటిలా గేటు పక్క గోడ మీద పెట్టింది. అతను చెయ్యి అందించాడు. నేల మధ్యలో తవ్విన గుంతను చూసి, ఆ వకీలుకు మంచి ఎండ తగిలే చోటే దొరికిందంది. తర్వాత ముళ్లచెట్టు కింద రాయిని చూసింది.

నడక ఆపింది. అతని చెయ్యి విడిచి మిగిలిన నాలుగడుగులు తనే వేసింది. కర్ర నేలమీద పడేసి, వంగి, గుంటలో వేలు పెట్టింది. గుంట పొడిగా ఉంది. వేలికి అంటిన మట్టిని చూసుకుంది. నీళ్లు లేకపోయినా ఆ వేలిని నుదుటికి తాకించుకుంది. జానకిరామ్‌కు ఆ వాక్యం నాలుక మీదే ఉంది.

“ఎక్కడ దొరికింది, జాన్?”

“గుట్టలో.”

ఆమె తల తిప్పి గోడవారకు చూసింది. ఇమ్రాన్ తొట్టిలో రాళ్లు పడుతున్న చప్పుడు.

అతను చెప్పాడు. తన ఇంగ్లీషులో, అడ్డదిడ్డంగా. ఏప్రిల్, పొదలు, బ్లేడు, గడ్డపార. నూట పద్నాలుగు. తమ ఊళ్లో చేలో రాయి కనిపిస్తే ఏరి గట్టుకు వేస్తారని, ఇవి సమాధులని తనకు తెలియదని చెప్పాడు.

ఆమె చివరిదాకా విన్నది. ఒకటే అడిగింది.

“వరసగా ఉన్నాయా?”

అతని చెయ్యి కోటు పిన్నీసు మీదికి పోయింది.

“ఉన్నాయి.”

“నువ్వు చూశావు.”

“చూశాను.”

ఆమె కర్ర కోసం వంగింది. అందలేదు. అతను తీసి ఇచ్చాడు. తీసుకుంది. రాయిని మరోసారి చూసింది.

“ఇది దీని చోటు కాదు. రాయి కనపడక ఎక్కడో ఒక చోట నిలబడాలని ఇక్కడ నిలబడ్డాను. దీనికింద ఎవరున్నారో. వాళ్ల మీద నా వాళ్ల రాయి పెట్టకు. తీసెయ్.”

అతను క్షమించమన్నాడు. అతను చెయ్యి అందించాడు.

“తొమ్మిదేళ్లు పట్టుకున్నావు. చాలు.”

గేటు దాకా ఒక్కతే నడిచింది. రెండుసార్లు ఆగింది. ఒకసారి కాలు జారి కర్ర మీద నిలదొక్కుకుంది. అతను పది అడుగుల వెనక ఉండి చూశాడు. గేటు దగ్గర గోడ మీది పొట్లాన్ని తీసి తన సంచిలో వేసుకుంది. వెనక్కి తిరిగి చూడలేదు. బస్సు రావడానికి ఇంకా నలభై నిమిషాలుంది. స్టాపులో అతని వైపు వీపు పెట్టి కూర్చుంది. వచ్చే గురువారం ఆమె రాదు. ఆ తర్వాతి గురువారం కూడా.

డెక్లన్ ఒంటిగంటకు వచ్చాడు. జానకిరామ్ అతనికీ చెప్పాడు, లారీ ఆపమన్నాడు. డెక్లన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు. ఏ రాయి ఎక్కడిదో చెప్పగలవా అని అడిగాడు. జానకిరామ్ చెప్పలేనన్నాడు. మరైతే ఇంకేముంది, శనివారం మంత్రి వస్తున్నాడు, రాళ్లు ఈ నేలలోనే ఉంటాయి కదా, గ్రాండ్ అన్నాడు.

లారీ సరిగ్గా రెండింటికి వచ్చింది. ఇమ్రాన్ రాళ్లను చతురస్రంగా పేర్చాడు. మధ్యలో బూడిదరంగు ముద్ద పడింది. చేతుల తొడుగులు విప్పుకుంటూ అతను జానకిరామ్ దగ్గరికి వచ్చాడు.

“డెక్లన్ జెప్పిండు. పొద్దుగాలనే చెప్పుంటే నేను మోయకపోదును గదన్నా.”

“చెప్పుండాల్సింది.”

ఇమ్రాన్ ఎప్పుడూ అతనితో కలిసి టీ తాగేవాడు. ఆ రోజు యంత్రంలోనే కూర్చుని తాగాడు.

నాలుగున్నరకు దిమ్మె గట్టిపడుతోంది. నూట పదమూడు రాళ్లు. ఇంకో రాయికి చోటుందని డెక్లన్ ముళ్లచెట్టు వైపు చూపించాడు. జానకిరామ్ తల అడ్డంగా ఊపాడు. షెడ్డులో మిషన్ పెట్టి, బ్లేడు తుడిచి, తాళంచెవి తెచ్చి డెక్లన్ చేతిలో పెట్టాడు. రేపటి నుంచి రానన్నాడు. డెక్లన్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

చెట్టు కింద రాయి అలాగే ఉంది. ఎవరి మీదో ఉంది. జానకిరామ్ దాన్ని మళ్లీ పొట్టకు ఎత్తుకున్నాడు. నేలంతా ఒకసారి చూశాడు. ఎక్కడ చూసినా చదును. రాయిని పెట్టడానికి తనకు తెలిసిన చోటు ఒక్కటీ లేదు. చివరికి గోడవారకు నడిచాడు. గుట్ట ఉన్నంత మేర గడ్డి లేదు. తొమ్మిదేళ్లు వెలుతురు తగలని మట్టి. అక్కడ దించి, గుంట పైకి వచ్చేలా సరిచేసి, గేటు దాటి వెళ్లిపోయాడు.

ఆరింటికి వాన పట్టుకుంది. రాయి గుంటలోని మట్టి ముందు నల్లబడింది. తర్వాత నీళ్లు నిలిచాయి.