ఇత్తడి అచ్చు

ఏసోబు అద్దం ముందు నిలబడి తల నిలువుగా ఆడించాడు. ఒకసారి, రెండుసార్లు. మెడ కలుక్కుమంది. యాభై తొమ్మిదేళ్ల మెడ మరి, ఇప్పుడు కొత్త అలవాటంటే ఎలా వింటుంది.

అమీర్‌పేటలో కోచింగ్ బోర్డుల నడుమ ఒక గది అతని ఇల్లు. పంజగుట్టలోని ఒక సంస్థ తరఫున మలావీ దేశపు పల్లెలకు వెళ్లి, అక్కడి ఆడవాళ్లకు సబ్బులు చేసి అమ్ముకోవడం నేర్పుతాడు. కిందటిసారి వాళ్లు మొదటిసారిగా సొంతంగా పోసిన సబ్బులు చూపించారు. ఏసోబు వాసన చూశాడు, వేలితో నొక్కాడు, భేషుగ్గా ఉన్నాయని తల అటూ ఇటూ ఊపాడు. మనకది మెచ్చుకోలు. వాళ్లకు, పనికిరావని. మర్నాటికి రెండు వందల సబ్బులూ గుంటలో పారేసి ఉన్నాయి. ఆ ఆడవాళ్ల సంఘం పెద్ద చిసోమో మళ్లీ మొదటి నుంచి నూనె కాచడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేదని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది. సబ్బుల మీద సంఘం పేరు పడేలా అచ్చు చేయించి తానే తెస్తానని ఆమెకు మాటిచ్చాడు. ఇవాళ సాయంత్రమే విమానం. వచ్చే నెల రిటైర్మెంట్ కాబట్టి ఇదే ఆఖరిసారి.

పొద్దున సనత్‌నగర్ వర్క్‌షాపులో రాజనర్సయ్య ఇత్తడి అచ్చును తుడిచి అతని చేతిలో పెట్టాడు.

"జర చూడు ఏసోబన్నా. అక్షరాలు మంచిగ వడ్డయా?"

ఏసోబు తల పక్కకు ఊగింది. చటుక్కున ఆపి, నిలువుగా ఊపాడు.

"గదేంది, మెడ పట్టిందా?"

"లేదన్నా, ప్రాక్టీస్ చేస్తున్న."

"గంత దూరం నువ్వే పోవాల్నా? కొరియర్ల పంపరాదూ?"

"అచ్చు కొరియర్ల పోతది. ఆమె ముందర తల సక్కగ ఊపేదెవరు?"

మధ్యాహ్నం ఆఫీసుకొచ్చి, పెట్టె కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. అచ్చును రుమాలులో చుట్టి బల్ల మీద ఉంచాడు. చెమట పడుతోంది. ఎండ దెబ్బేలే అనుకున్నాడు. చాయ్ సగమే తాగాడు.

నాలుగింటికి సంగీత తలుపు దగ్గరి నుంచే అడిగింది. ఆఫీసు పనులన్నీ ఆమే చూస్తుంది.

"సార్, కారొచ్చింది. ఐదు నిమిషాల్ల దిగుతరని చెప్పాల్నా?"

ఏసోబు తల మెల్లగా కుడి భుజం మీదికి వాలింది. సరే అన్నాడనుకుని ఆమె కిందికెళ్లి డ్రైవరుకు చెప్పింది. అతను పావుగంట ఎదురుచూశాడు. సంగీత మళ్లీ పైకొచ్చి భుజం తట్టేసరికి ఊపిరి లేదు.

రెండు రోజుల తర్వాత ఆమె బల్ల సర్దుతూ రుమాలు విప్పింది. ఇత్తడి మీద చిసోమో సంఘం పేరు తిరగేసి చెక్కి ఉంది. సబ్బు మీద పడితే గాని చదవడానికి రాదు.